కొండలను లిఖించిన కోశాధికారి

ఇంగ్లండు దేశమునకు వాయవ్య దిక్కున, ఐరిషు సముద్రమునకు చేరువగా, ఒక కొండసీమ కలదు. దానికి లేక్ డిస్ట్రిక్టు అని పేరు. సరస్సుల సీమ యని దాని యర్థము. కొండల నడుమ ఇరుకైన లోయలు, లోయలలో పొడవైన సరస్సులు, వాని మీదుగా గొఱ్ఱెలు మేయు పచ్చిక వాలులు, ఇంకను పైకి పోయినచో బండలు, పొగమంచు కనబడును. అచ్చటివారు కొండను ఫెల్ అందురు. ఇంగ్లండులోని శిఖరములన్నిటిలో ఎత్తైన స్కాఫెల్ పైక్ ఈ సీమలోనే యున్నది. దాని యెత్తు 3,210 అడుగులు మాత్రమే. హిమాలయములను గూర్చి చదివిన విద్యార్థికి ఇది లెక్కలోనికి వచ్చునది కాదని తోచవచ్చును. కాని ఈ కొండలపై వాతావరణము గడియకొక తీరుగా మాఱుచుండును. ఇచ్చటి సీత్‌వెయిట్ అను పల్లెలో ఏటికి 120 అంగుళములకు మించి వర్షము కురియును. ఉదయము ఎండలో బయలుదేరిన మనుష్యుడు మధ్యాహ్నము మంచులో దారితప్పి, సాయంకాలమునకు తాను రావలసిన లోయను విడిచి మఱియొక లోయలో దిగుట అచ్చట అరుదు కాదు.

ఒకనాటి నడకకు వెళ్లువారు అచ్చట సాధారణముగా పోయిన దారినే తిరిగి రారు. ఒక లోయకు ఇరువైపుల రెండు కొండవరుసలు సాగి, లోయ చివర ఒక పెద్ద శిఖరము వద్ద కలిసికొనును. ఒక వరుసమీదుగా ఎక్కి, శిఖరమును చేరి, రెండవ వరుసమీదుగా దిగినచో బయలుదేరిన ఊరికే చేరవచ్చును. గుఱ్ఱపు నాడావలె నుండుటచే ఇట్టి మార్గమును నాడా యనియే పిలుతురు. ఆంబుల్‌సైడ్ అను ఊరినుండి బయలుదేరి, 2,863 అడుగుల ఎత్తుగల ఫెయిర్‌ఫీల్డ్ శిఖరము నెక్కి, డవ్ క్రాగ్ మీదుగా మరల ఆ యూరికే దిగు మార్గము వీనిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. అది సుమారు పది మైళ్లు. వేసవిలో ఒక పగటి పని. ఇట్టి కొండలను 214 ఎన్నుకొని, ప్రతిదానిని పలుమార్గములలో ఎక్కి దిగి, తాను చూచినదానిని తన చేతివ్రాతతోను చేతిబొమ్మలతోను ఏడు సంపుటములుగా రచించిన వాడు ఆల్‌ఫ్రెడ్ వెయిన్‌రైటు. ఆయన పర్వతారోహకుడు కాడు, భూగోళ పండితుడును కాడు. ఒక చిన్న పట్టణపు పురపాలక సంఘములో లెక్కలు వ్రాయు ఉద్యోగి.

వెయిన్‌రైటు 1907వ సంవత్సరము జనవరి 17వ తేదీన లాంకషైరులోని బ్లాక్‌బర్ను పట్టణమున జన్మించెను. అది నూలుమిల్లుల పట్టణము. పొగగొట్టములు, మసిపట్టిన ఇటుక యిండ్ల వరుసలు, తెల్లవాఱకముందే రాతి వీథులలో కఱ్ఱ అడుగుల చెప్పుల చప్పుడు, ఇవియే అతడు బాల్యమున ఎఱిగిన లోకము. ఆ మిల్లుల మగ్గములపై నేసిన ధోవతులు ఓడలపై మన దేశమునకు విశేషముగా దిగుమతి యగుచుండెడివి. మొదటి ప్రపంచ యుద్ధానంతరము ఆ వ్యాపారము క్షీణించెను, మిల్లులు మూతపడెను. 1931వ సంవత్సరము సెప్టెంబరులో గాంధీ మహాత్ముడు ఆ ప్రాంతమునకు వెళ్లి, బ్లాక్‌బర్నునకు పొరుగుననున్న డార్వెనులో, పనిలేక యున్న నేతపనివారిని కలిసికొని మాటలాడెను. వెయిన్‌రైటు పెరిగినది అట్టి బీదవారి నడుమనే.

తండ్రి రాతిపనివాడు. పని యున్ననాడు సంపాదించిన దానిలో చాల భాగము మద్యమునకు పోయెడిది. పని లేని దినములే తఱచు. తల్లి ఇరుగుపొరుగువారి బట్టలు ఉతికి నలుగురు బిడ్డలను పోషించెను. ఆ నలుగురిలో ఆల్‌ఫ్రెడ్ కడపటివాడు. బడిలో చదువు బాగుగా సాగినను పదుమూడవ యేట దానిని విడువవలసి వచ్చెను. అతడు పట్టణ పురపాలక కార్యాలయములో కాగితములు మోయు కుఱ్ఱవాడుగా చేరెను. మిల్లులో చేరక కార్యాలయములో చేరుటయే ఆ యింటికి గొప్ప. మూడేండ్ల తరువాత అతనిని లెక్కల శాఖకు మార్చిరి. పగలు పనిచేయుచు, రాత్రులు చదువుచు, ఏండ్ల తరబడి శ్రమపడి అతడు పురపాలక గణకుల పరీక్షలలో నుత్తీర్ణుడయ్యెను. అతడు వ్రాసిన లెక్కల పుస్తకములను చూచినవారు అంకెల పొందికకు, అక్షరముల తీరునకు ఆశ్చర్యపడెడివారు. చిన్ననాటినుండి అతనికి దేశపటములన్నను, వానిని చూచి గీయుటయన్నను మిక్కుటమైన ప్రీతి. ఈ రెండు అభ్యాసములును తరువాత ఎట్లు ఉపకరించునో అప్పుడతనికి తెలియదు.

1930వ సంవత్సరమున, ఇరువదిమూడేండ్ల వయస్సులో, కూడబెట్టుకొనిన కొద్ది ధనముతో అతడు ఒక బంధువును వెంటబెట్టుకొని సరస్సుల సీమకు విహారము పోయెను. బ్లాక్‌బర్నునకు ఆ సీమ అఱువది మైళ్ల లోపుననే యున్నను అంతవఱకు అతడు దానిని చూచి యెఱుగడు. విండర్‌మియర్ అను ఊరిలో బస్సు దిగి, ఆ యూరి వెనుక నున్న ఆరెస్ట్ హెడ్ అను గుట్ట నెక్కిరి. గుట్ట యెత్తు 783 అడుగులు. చెట్ల నడుమ నుండి దారి మలుపులు తిరిగి పైకి పోవును. పైన చెట్లు ముగిసి ఒక్కసారిగా ఆకాశము తెఱచుకొనును. క్రింద పొడవైన సరస్సు, దాని కావల ఒకదాని వెనుక నొకటిగా కొండల బారులు. పొగగొట్టములు తప్ప వేఱొక శిఖరము నెఱుగని యువకుడు అచ్చట కదలక చాలసేపు నిలిచిపోయెను. తన జీవితమును మార్చినది ఆ పూటయే యని ఆయన వృద్ధాప్యములో సహితము చెప్పుచుండెను.

మఱుసటి యేడు అతనికి వివాహమయ్యెను. ఒక కుమారుడు కలిగెను. కాని దంపతుల యభిరుచులు వేఱు. భార్యకు నడకలయం దిష్టము లేదు. అతనికి ఇంటిలో నిలుచుట యిష్టము లేదు. 1938వ సంవత్సరము సెప్టెంబరులో, ఐరోపాలో యుద్ధము నేడో రేపో యని జనులు భయపడుచున్న దినములలో, అతడు ఒంటరిగా సెటిల్ అను ఊరినుండి బయలుదేరి, ఉత్తర ఇంగ్లండునకు వెన్నెముక వంటి పెన్నైను కొండల తూర్పు ప్రక్కగా రోమను చక్రవర్తి హేడ్రియను కట్టించిన గోడవఱకు నడచి, పడమటి ప్రక్కగా మరల సెటిలునకు చేరెను. రాత్రి యే యూరిలో చీకటిపడిన ఆ యూరిలో ఎవరి తలుపైన తట్టి బస యడిగెడివాడు. తిరిగివచ్చి ఆ యాత్రావృత్తాంతమును వ్రాసి పెట్టెలో పెట్టెను. అది 1986 వఱకు అచ్చు కాలేదు. మనము పుస్తకములలో చదువు మూర్లు, అనగా చెట్లులేని ఎత్తైన బీళ్లు, ఆ పెన్నైను కొండలపై మైళ్లకొలది పఱచుకొని యుండును. అచ్చటి నేల పీటు అను నల్లని మెత్తని మన్ను. వేలయేండ్లుగా నీటిలో నాని కుళ్లిన నాచును గడ్డియును అట్లు మాఱినవి. శరత్కాలమున హెదర్ పొదలు పూచినప్పుడు ఆ బీడంతయు ఊదారంగు నొందును. వాన కురిసినప్పుడు మాత్రము అడుగు వేసిన చోటెల్ల దిగబడును.

1941వ సంవత్సరమున వెయిన్‌రైటు తక్కువ జీతమునకు ఒప్పుకొని బ్లాక్‌బర్నును విడిచి కెండాలు పురపాలక కార్యాలయములో చేరెను. పదవి తగ్గుట, జీతము తగ్గుట బంధువులకు వింతగా తోచియుండును. కాని కెండాలు సరస్సుల సీమకు వాకిలి. కార్యాలయమునుండి బయటపడి బస్సెక్కినచో కొండలు. 1948లో ఆయన ఆ పట్టణమునకు కోశాధికారి యయ్యెను. 1967లో విరమించువఱకు ఆ పదవిలోనే యుండెను.

1952వ సంవత్సరము నవంబరు 9వ తేదీ రాత్రి, నలువదియైదేండ్ల వయస్సులో, ఆయన బల్ల ముందు కూర్చుండి ఒక తెల్లకాగితముపై డవ్ క్రాగ్ కొండ నెక్కు మార్గము నొకదానిని గీసెను. అదియే ఆరంభము. ఈ కార్యమునకు ఆయన ముందే లెక్క వేసికొనియుండెను. సీమను ఏడు భాగములుగా విభజించి, భాగమున కొక సంపుటము చొప్పున, పదుమూడేండ్లలో ముగింపవలెనని నిశ్చయము. పట్టణపు ఆదాయవ్యయముల పట్టిక వేయువాడు తన శేషజీవితమునకును పట్టిక వేసెను. కోశాధికారులలో ఇట్టి వారుందురు కాని, వేసిన పట్టికను నిలుపుకొనినవారు అరుదు.

ఆయనకు మోటారు నడపుట రాదు. ఎన్నడును నేర్చుకొనలేదు. వారాంతమున ఉదయపు బస్సులో లోయ మొదటికి పోయి, ఒక దారిని ఎక్కి, మఱియొక దారిని దిగి, రాత్రి కడపటి బస్సు నందుకొనవలెను. అది తప్పినచో మైళ్లకొలది చీకటిలో నడకయే. అందుచే ప్రతి నడకయు గడియారము ముల్లువలె చుట్టుతిరిగి మొదటికి రావలసినదే. ప్రత్యేకమైన దుస్తులు లేవు. పాతబడిన ఉన్ని కోటు, మేకులు కొట్టిన బూట్లు, జేబులో పొగగొట్టము, ప్రభుత్వ సర్వే వారి పటము, ఒక చిన్న కెమెరా. దిక్సూచిని వాడెడివాడు కాడు. తోడెవ్వరును ఉండరాదు. దారిలో ఎవరైన ఎదురైనచో ప్రక్కకు తిరిగి పోయెడివాడని చెప్పుదురు. మోటైన మనిషి, మితభాషి. దిగివచ్చిన తరువాత వేడి చేపముక్కలు, బంగాళాదుంప వేపుడు తినుట ఆయనకు పండుగ.

సోమవారమునుండి పగలెల్ల కార్యాలయము, రాత్రులు పుస్తకము. సుమారు రాత్రికొక పుట. ప్రతి కొండకును వేఱు ప్రకరణము. మొదట కొండ స్వరూపము, పిమ్మట పటము, ఎక్కు మార్గములు ఒక్కొక్కటిగ, శిఖరముపై నేమేమి యున్నది, అచ్చటినుండి ఏ దిక్కున ఏ కొండ కనబడును, ప్రక్క కొండకు వీపు మీదుగా పోవు దారి యేది. ఎక్కు మార్గమును గీయుటలో ఆయన యొక నేర్పును కనుగొనెను. పుట యడుగుభాగమున అది మామూలు పటము. దారి పైకి పోవుకొలది పటము క్రమక్రమముగా బొమ్మగా మాఱి, పుట పైభాగమునకు వచ్చునప్పటికి కొండ మన కెదురుగా నిలిచియున్నట్లుండును. ఎక్కడ వాగు దాటవలెను, ఎక్కడ రాతిగోడలో తలుపున్నది, ఎక్కడ ఒంటి చెట్టున్నది, మంచు క్రమ్మినప్పుడు ఏ వైపునకు పోరాదు, అన్నియు ఆ చిన్న పుటలో ఇమిడియుండును. శిఖరములయొద్ద దారి చూపుటకు పేర్చిన రాళ్ల గుట్టలను సహితము వాని యాకారముతో గుర్తించెను.

ఎనిమిది నెలలలో నూఱు పుటలు పూర్తి యయ్యెను. అప్పుడాయనకు ఒక లోపము తోచెను. పంక్తుల ఎడమ అంచు సమముగా నున్నది గాని కుడి అంచు ఎగుడుదిగుడుగా నున్నది. అచ్చుపుస్తకములలో రెండంచులును సమముగా నుండును కదా. ఆయన ఆ నూఱు పుటలను ప్రక్కన పెట్టి, మొదటినుండి మరల వ్రాయ నారంభించెను. పంక్తి చివర మాట తెగకూడదు, అంచు వంకరపోకూడదు. చదువరి గుర్తింపని యా లోపమునకై ఎనిమిది నెలల శ్రమను పాఱవేయుట పిచ్చి యనవచ్చును. ఆ పిచ్చియే లేకున్నచో ఆ పుస్తకములును లేవు. ఏలయన వానిలో అచ్చక్షరము దాదాపు లేదు. ఆయన చేతివ్రాత పుటలనే ఛాయాఫలకములుగా తీసి ముద్రించిరి.

1955వ సంవత్సరమున మొదటి సంపుటము సిద్ధమయ్యెను. ఇట్టి వింత పుస్తకమును పెద్ద ప్రకాశకులెవరైన గ్రహింతురను నమ్మకము ఆయనకు లేదు. కెండాలులోని ఒక ముద్రాపకుడు రెండువేల ప్రతులకు 950 పౌనులగునని చెప్పెను. ఆయనయొద్ద నున్నది 35 పౌనులు. ముద్రాపకుడు అమ్మినకొలది ఇమ్మని యొప్పుకొనెను. పట్టణ గ్రంథాలయాధికారి హెన్రీ మార్షలు ప్రకాశకుడుగా తన పేరిచ్చెను. ప్రతి వెల పన్నెండున్నర షిల్లింగులు. ఒకరు చెప్పగా ఒకరు విని కొనిరి. రెండేండ్లలో అప్పు తీఱెను. పట్టణపు లెక్కలలో ఒక పెన్నీ తేడా సహింపని యాయనకు ఆ రెండేండ్లును ఎంత బరువుగా గడచెనో ఊహింపవచ్చును. తక్కిన సంపుటములు 1957, 1958, 1960, 1962, 1964 సంవత్సరములలో వెలువడెను. కడపటిది 1966లో వచ్చెను. పదుమూడేండ్ల గడువునకు ఒక వారము ముందుగనే ఆయన పని ముగించెను.

ఏడు సంపుటములను ఆయన అంకితమిచ్చిన తీరు విచిత్రమైనది. మొదటిది సర్వేశాఖ వారికి. రెండవది కొండలపై రాతిగోడలు కట్టిన అజ్ఞాత కూలీల స్మృతికి. సున్నముగాని మట్టిగాని లేక రాతిపై రాయి పేర్చి, నిలువు వాలులమీద మైళ్లకొలది కట్టిన ఆ గోడలు నేటికిని నిలిచియున్నవి. రాతిపనివాని కుమారునికి ఆ తలపు వచ్చుట సహజము. మూడవది ఆ సీమ కుక్కలకు, నాలుగవది గొఱ్ఱెలకు. ఆ గొఱ్ఱెలు కంచెలేకయే తరతరములుగా తమ తమ కొండను విడువక యుండునట్టివి. అయిదవది ఒంటరిగా తిరుగు బాటసారులకు. ఆఱవది తన కుడికాలికిని ఎడమకాలికిని. ఏడవదానికి గాని సాయపడిన మనుష్యుల వంతు రాలేదు.

ఇంటిలో నున్నవారి వంతు అసలే రాలేదు. పదుమూడేండ్లు వారాంతములన్నియు కొండలకు, రాత్రులన్నియు బల్లకు పోయినవి. భార్యతో మాట కరవయ్యెను. ఆయన పదవీవిరమణ చేయనున్న సమయమున, 1967లో, ఆమె ఇల్లు విడిచి వెళ్లిపోయెను. ఈ విషయమున ఆయనను సమర్థించుట కష్టము. తానును తరువాత తన తప్పు నొప్పుకొనెను. 1970లో ఆయన బెట్టీ మెక్‌నాలీ అను ఆమెను వివాహమాడెను. ఆమెకు నడక యిష్టము, మోటారు నడపుట వచ్చును. ఆపైన ఆయనకు బస్సు కొఱకు పరుగెత్తవలసిన యవసరము తప్పెను.

విరామకాలమున పెన్నైను కొండలమీదుగా పోవు సుమారు 270 మైళ్ల పెన్నైన్ వే అను దీర్ఘమార్గమునకు పుస్తకము వ్రాసెను. అది 1968లో వెలువడెను. ఆ మార్గము ఆయనకు నచ్చలేదు. బ్లాక్ హిల్ అను చోట పీటు బురదలో కాలు దిగబడి, లాగిన రాక, ఒక కావలివాడు వచ్చి పైకి తీయవలసివచ్చెను. అట్లైనను మార్గము పూర్తిచేసిన వారందఱికి చివరియూరి వసతిగృహమున తన ఖర్చుపై పానీయ మిప్పింతునని పుస్తకములో మాట ఇచ్చి, వచ్చినవారి సంఖ్య తాననుకొనిన దానికి ఎన్నోరెట్లు పెరిగినను, మరణపర్యంతము ఆ బాకీ చెల్లించుచునే యుండెను. 1973లో, పడమటి సముద్రతీరమునుండి తూర్పు తీరమునకు సుమారు 190 మైళ్ల మార్గమొకటి తానే కల్పించి ప్రకటించెను. 2022లో ప్రభుత్వము దానిని జాతీయ మార్గముగా చేయ నిర్ణయించినట్లు ప్రకటించెను.

ఆయన జీవితకాలమునందే పుస్తకముల ప్రతులు పదిలక్షలు దాటెను. వచ్చిన ధనముతో ఆయన ఇల్లు పెంచుకొనలేదు. అధికభాగము కెండాలు సమీపమున దిక్కులేని పిల్లులకు, కుక్కలకు శరణాలయము నేర్పఱచుటకు వెచ్చించెను. కీర్తితో పాటు ఒక నిందయు వచ్చెను. ఏకాంతము కోరి కొండల నాశ్రయించిన వాడే అచ్చటికి జనసందోహమును పిలిచెననియు, వేలపాదముల త్రొక్కిడికి గడ్డి నశించి దారులు గండ్లు పడెననియు కొందఱనిరి. అందు సత్యము లేకపోలేదు. నేడు అనేక మార్గములలో రాతిపలకలు పఱచి కొండను కాపాడవలసివచ్చుచున్నది. కాని లాంకషైరు మిల్లుకూలీ యొకడు ఆదివారమున ఆ పుస్తకమును జేబులో నుంచుకొని పొగమంచులో తప్పిపోక చీకటిలోపల బస్సు చేరెనన్న, దానికిని ఆయనయే కారకుడు. ఆయన ఎన్నుకొనిన 214 కొండలను నేడు జనులు వెయిన్‌రైట్లు అనియే పిలుచుచు, ఒక్కొక్కటిగ అన్నియు ఎక్కుటను వ్రతముగా పెట్టుకొందురు. జాస్ నేలర్ అను గొఱ్ఱెల రైతు ఏడు దినములకు కొంచెము మించిన కాలములో వానినన్నిటిని పరుగెత్తి ముగించెను. వెయిన్‌రైటు వలె నిలిచి చూచుటకు అతనికి తీరిక యెక్కడిది!

జీవితపు చివరి యేండ్లలో ఆయన కంటిచూపు మందగించెను. పుటపై వెండ్రుకవంటి గీతలు గీసిన వాడు తన పుస్తకములోని యక్షరములను తానే చదువలేకపోయెను. వర్షమున తడిసిన దారిలో తడుముకొనుచు నడచెను. 1991వ సంవత్సరము జనవరి 20వ తేదీన, ఎనుబదినాలుగేండ్లు నిండిన మూడవదినమున, కెండాలులో మరణించెను.

బటర్‌మియర్ లోయపైన హేస్టాక్స్ అను కొండ కలదు. రెండువేల అడుగులకైనను చేరదు. చుట్టునున్న కొండలన్నియు దానికంటె ఎత్తైనవే. కాని దాని వీపు మీద రాళ్లు, హెదర్ పొదలు, చిన్నచిన్న మడుగులు చిక్కుపడియుండును. వానిలో నొకదానికి పేరు లేకపోవుటచే పేరులేని మడుగు అనియే పేరు. అన్ని కొండలలో ఆయనకు ప్రియమైనది అదియే. తన చితాభస్మమును ఆ మడుగు ప్రక్కనే చల్లవలెనని ఆయన ఎన్నో యేండ్లకు పూర్వమే వ్రాసియుంచెను. 1991 మార్చిలో బెట్టీ కొద్దిమంది ఆత్మీయులతో కూడి హేస్టాక్స్ నెక్కి, ఆ చోట భస్మమును చల్లి, లోయలోనికి దిగిపోయెను.